ఎడమ సీటు నుంచి కుడి సీటుకు

సాలూరు దాటి బస్సు కొండ ఎక్కడం మొదలుపెట్టగానే నాకు కునుకు పట్టింది. నన్ను లేపింది కుదుపు కాదు, వాసన. ఎదురుగా దిగి వస్తున్న లారీ ఏదో బ్రేకులు మాడ్చుకుంటూ వస్తోంది. ఆ కమురు ముక్కుకు తగలగానే నా కుడికాలు తనంతట తానే బ్రేకు కోసం వెతికి, పక్కనున్న కుర్రాడి పాదాన్ని గట్టిగా తొక్కింది.

"ఏమైంది తాతగారూ?"

"ఏమీ లేదు నాయనా. పైనుంచి ఎవరో గేరు సంగతి మరిచిపోయి బ్రేకు మీదే దిగుతున్నారు."

అతను నా వంక జాలిగా చూసి మళ్ళీ ఫోనులో పడ్డాడు. నేను స్టీరింగు వదిలి చాలా ఏళ్ళయింది. మోకాళ్ళూ కళ్ళూ ఒకదాని వెనక ఒకటి సెలవు పెట్టేశాయి. ముక్కు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

నేను వెళ్తున్నది మావయ్య పదకొండో రోజుకు. మావయ్య అంటే సొంత మేనమామ కాదు, అమ్మ తరఫున ఎక్కడో తగిలే దూరపు చుట్టం. ఎలా చుట్టమో అమ్మ రెండుసార్లు వివరంగా చెప్పింది, రెండుసార్లూ మరిచిపోయాను. నాకు గుర్తున్న చుట్టరికం ఒక్కటే. బండిలో ఆయనది కుడి సీటు, నాది ఎడమ సీటు.

* * *

మా ఊరు కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. పక్కనే సునాబెడా. మిగ్ విమానాల ఇంజన్లు చేసే హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ అక్కడే ఉంది. విజయనగరంలో బయలుదేరి సాలూరు, సుంకి, పొట్టంగి, కొరాపుట్, జయపురం మీదుగా రాయ్‌పూర్ పోయే రోడ్డు మా ఊళ్ళోంచే వెళ్తుంది. మా వైపు దానికిప్పుడు 26 అని కొత్త నంబరు ఇచ్చారు. మా నోటికి మాత్రం ఎప్పటికీ 43. 1936లో ఒడిశా విడిపోకముందు ఈ కొండలన్నీ పాత విశాఖపట్నం జిల్లాలోవే. గీత కొత్తది, మనుషులు పాతవాళ్ళు. మా వీధిలో పిల్లలందరికీ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో ఈ కొండల్లో మాట్లాడే దేశియా. మూడింటిలోనూ తిట్లు బాగా వచ్చేవి.

నాన్నకు రోడ్డు పక్కన టీ హోటలు ఉండేది. హోటలు అంటే తాటాకు పందిరి, రెండు బల్లలు, ఒక పొయ్యి. చలికాలంలో తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా పట్టేదంటే, ఎదురుగా ఆగిన లారీ కూడా గొంతు వినిపిస్తేనే ఉన్నట్టు. అందుకని నాన్న కళ్ళతో కాకుండా చెవులతో వ్యాపారం చేసేవాడు. పైనుంచి వచ్చే చప్పుడు విని "కర్రలోడు, ఇద్దరు మనుషులు" అనేవాడు. గ్లాసులు రెండు కడిగేవాణ్ణి నేను.

అన్నింటిలోకీ నాకు ఇష్టమైన చప్పుడు ఒకటుండేది. ఇంజను మోత వెళ్ళిపోయాక కూడా వెనకాల సన్నగా వినిపించే గలగల. ఆ రోజుల్లో పెట్రోలు ట్యాంకర్ల వెనక ఇనుప గొలుసొకటి రోడ్డును రాసుకుంటూ వేలాడేది. కదలికలో పుట్టే కరెంటు నేలలోకి దిగిపోవాలని కట్టేవారట. అదేమీ తెలియని మేము దానికి గజ్జెల బండి అని పేరు పెట్టుకున్నాం. రాత్రి పడుకున్నాక ఆ గజ్జెలు మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా మెలకువగా ఉండేవాణ్ణి. పెద్దయ్యాక ఏమవుతావని బడిలో పంతులుగారు అడిగితే గజ్జెల బండి నడుపుతానన్నాను. ఆయన దానికి ఒడియా మాట దొరక్క కొట్టాడో, దొరికి కొట్టాడో తెలియదు.

ఆ బండ్లలో ఒకదాన్ని నడిపేది మావయ్య. నాన్న హోటల్లో ఆగి టీ తాగేవాడు కానీ బీడీ కాల్చేవాడు కాదు. డ్రైవరై ఉండీ బీడీ కాల్చని మనిషిని నేను చూడటం అదే మొదలు.

* * *

పదో తరగతి గట్టెక్కాక నాన్న నన్ను మావయ్యకు అప్పగించాడు. అప్పగించాడు అనే మాట సరైనదే. జీతం మాట్లాడలేదు, రోజులు మాట్లాడలేదు. "నీ పక్కన కూర్చోబెట్టుకో బావా" అన్నాడంతే.

పెట్రోలు బండి ఎక్కిస్తాడనుకున్నాను. సాలూరు తీసుకెళ్ళి ఒక షెడ్డులో దించాడు. సాలూరు గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. చూడటానికి చిన్న ఊరే, కానీ లారీల్లో దానికి విజయవాడ తర్వాత లెక్కించదగ్గ పేరు. బాడీలు కట్టేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు, పట్టీలు సరిచేసేవాళ్ళు, పాత టైర్లకు కొత్త తోలు తొడిగేవాళ్ళు. ఏ వీధిలోకి వెళ్ళినా సుత్తి చప్పుడు, వార్నిషు వాసన. అక్కడ ఆరునెలలు చక్రాలు విప్పడం, గ్రీజు పెట్టడం, డ్రమ్ములు శుభ్రం చేయడం తప్ప నాకు ఇంకో లోకం లేదు. బండి నడపడం నేర్చుకునే ముందు బండి ఎందుకు ఆగిపోతుందో నేర్చుకోవాలన్నది మావయ్య లెక్క. ఇప్పటికీ ఆ లెక్క నాకు పూర్తిగా నచ్చలేదు. ఆరునెలలు ఎక్కువ, మూడు చాలు.

ఆ తర్వాతైనా పెట్రోలు అనుకుంటే, నీళ్ళ ట్యాంకరు ఇచ్చాడు.

అవి దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం లేస్తున్న రోజులు. 1981లో ఆ సంస్థ పెట్టాక మా కొండల్లో దుమ్ము ఏళ్ళ తరబడి దిగలేదు. పనివాళ్ళ గుడారాలకూ సిమెంటు పనికీ నీళ్ళు కావాలి. మా ఓనరుకు పెట్రోలు బండ్లు రెండు ఉన్నా, ఒక ముసలి నీళ్ళ బండి కూడా ఉండేది. దాని తొట్టిలో అడ్డగోడలు లేవు, గుండ్రటి ఖాళీ పీపా అంతే. ఇరవై నిండితే గానీ లారీ లైసెన్సు రాదు. అందుకని రోడ్డు మీద మావయ్య నడిపేవాడు, కర్మాగారం మైదానంలో నాకు ఇచ్చేవాడు.

మొదటి రోజే సగం నీళ్ళతో ఉన్న బండిని ఇచ్చాడు. "అదిగో ఆ పీపాల దగ్గర ఆపు" అన్నాడు. ఆపాను. చక్కగానే ఆగింది. నవ్వుతూ ఆయన వైపు తిరిగాను. అప్పుడు వెనకనుంచి ఎవరో దున్నపోతుతో గుద్దించినట్టు బండి ఒక్క గంతు వేసి ముందుకెళ్ళింది. పీపాలు రెండు నుజ్జయ్యాయి. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి మూడు భాషల్లో తిట్టాడు.

మావయ్య తాపీగా దిగి పీపాలు చూసి వచ్చాడు. "బండి ఆగింది. నీళ్ళు ఆగాయా?" అన్నాడు.

మూటలైనా ఇటుకలైనా కట్టిన చోట కూర్చుంటాయి. నీళ్ళు అలా కాదు, బ్రేకు వేసిన సంగతి వాటికి ఆలస్యంగా తెలుస్తుంది. మలుపులో బండి తిరిగాక అవి తిరుగుతాయి, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారి తోక పట్టుకుని గుంజుతాయి. నిండా ఉంటే కదలడానికి చోటుండదు, అసలు లేకపోతే గొడవే లేదు. సగం తొట్టితోనే చావు. రెండు నెలలు ఆ ముసలి బండితో మైదానంలో చక్కర్లు కొట్టాక నాకు ఒక అలవాటు పట్టుకుంది. బ్రేకు మీద కాలు పెట్టి, మొదటిసారి మెత్తగా అదిమి, నీళ్ళు వచ్చి గుద్దేదాకా ఊపిరి బిగబట్టి, అవి వెనక్కి పోయేటప్పుడు రెండోసారి అదమడం. టీ గ్లాసు పట్టుకుని నడిచేటప్పుడు కూడా అలాగే ఆగేవాణ్ణని మా అమ్మ నవ్వేది.

* * *

పెట్రోలు బండి ఎక్కిన మొదటి రోజు బాగా గుర్తుంది. తిరునాళ్ళలో కొన్న టెరిలిన్ చొక్కా వేసుకున్నాను. లేత నీలం, పెద్ద కాలరు. విశాఖపట్నం మల్కాపురంలో లోడింగుకు వరుసలో నిలబడ్డాం. అక్కడి రిఫైనరీ 1957లో కాల్టెక్స్ వాళ్ళు పెట్టింది, తర్వాత ప్రభుత్వం తీసుకుంది. ముసలి డ్రైవర్లు ఇంకా కాల్టెక్స్ అనే అనేవాళ్ళు.

మావయ్య నన్ను పైనుంచి కిందికి చూసి, "చొక్కా విప్పు" అన్నాడు.

అంతమంది ముందు! విప్పాను. సీటు వెనక నుంచి తన పాత నూలు చొక్కా తీసి ఇచ్చాడు. నాలాంటి ఇద్దరు పట్టేంత వెడల్పు. నూలు కాని బట్ట ఒంటికి రాసుకుంటే సన్నని నిప్పురవ్వలు పుడతాయని, చీకట్లో చూస్తే తెలుస్తుందని, ఆ రవ్వకు పెట్రోలు ఆవిరి చాలని ఆ తర్వాత చెప్పాడు. అప్పుడైతే ఏమీ చెప్పలేదు, నేను అవమానంతో చచ్చిపోయాను.

గేటు దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. లోపలికి వెళ్ళే ప్రతివాడూ అగ్గిపెట్టె, బీడీకట్ట అందులో వేయాలి. కాపలావాడు జేబులు తడిమేవాడు. సాయంత్రానికి ఆ పెట్టె నిండిపోయేది. బయటికి వచ్చేటప్పుడు ఎవడి అగ్గిపెట్టె ఎవడిదో తెలియక ఒకటే గోల. మావయ్య ఆ పెట్టె వైపు తిరిగి కూడా చూసేవాడు కాదు. ఒకప్పుడు చుట్ట మీద చుట్ట కాల్చేవాడట, అదీ మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళలా నిప్పు నోట్లోకి పెట్టుకుని, అడ్డపొగ. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నాడట. ట్యాంకరు ఇచ్చిన రోజున చుట్టా అగ్గిపెట్టే రెండూ వదిలేశాడు. "రోజూ గేటులో ఇచ్చి తీసుకోవడం ఎందుకు, ఒకేసారి ఇచ్చేస్తే పోలేదా?" అనేవాడు.

లోడింగు అయ్యాక వెంటనే మూత తీసి కొలవనిచ్చేవాడు కాదు. లోపల నూనె అలసిపోయి ఉంటుంది, కాసేపు పడుకోనివ్వాలి అనేవాడు. గొట్టంలోంచి పరుగెత్తి వచ్చిన నూనెలో కరెంటు ఉంటుందని, అది నేలలోకి దిగడానికి సమయం పడుతుందని పుస్తకాల్లో నేను చదివింది ఎన్నో ఏళ్ళకు. ఆయన మాటే నాకు బాగుంది.

మాది టాటా 1210, 12,000 లీటర్ల బండి, మూడు చాంబర్లు. ఒకదాంట్లో పెట్రోలు, రెండింటిలో డీజిలు. ఒక్కొక్క దానికి పైన మూత, కొలత గొట్టం. ఇత్తడి కొలత కర్ర మీద తూనికలు కొలతల వాళ్ళు వేసిన గీత. లోడింగు చోట ఆ గీత దగ్గర తడి ఆగితే సరి, దించేచోట కూడా అక్కడే ఆగాలి. కర్ర కొసకు పేస్టు పూసి ముంచితే, అడుగున నీళ్ళుంటే రంగు మారుతుంది. ఆ పేస్టు రంగు మారకూడదని దండం పెట్టుకుని కర్ర దించే డ్రైవర్లను చూశాను. నేనూ పెట్టుకున్నాను.

* * *

దండం పెట్టుకున్నా పనిచేయని రోజొకటి వచ్చింది. ఓనరు నా పేరు మీద రాసిన మొదటి ట్రిప్పు. అప్పటికి లారీ లైసెన్సు చేతికొచ్చింది, మావయ్య పక్కన కూర్చున్నాడు. ఏప్రిల్ మధ్యాహ్నం, ఇనుము ముట్టుకుంటే చేయి కాలే ఎండలో విశాఖలో నింపాం. రాత్రంతా నడిపి, తెల్లారగట్ల కొండ మీద ఒక బంకులో దించడానికి మూత తీశాం. గీతకు కింద రెండు వేళ్ళ వెలితి.

బంకు యజమాని కేక పెట్టాడు. దారిలో అమ్మేశాం అన్నాడు, కొత్త కుర్రాణ్ణి పెట్టుకుని దొంగతనాలా అన్నాడు. మావయ్య ఏమీ మాట్లాడలేదు. గాజు గొట్టంలో నూనె తీసి, సాంద్రత కొలిచే గాజు కర్ర వేసి, ఉష్ణమాపకం ముంచి, అంకెలు నా చేత కాగితం మీద రాయించాడు. సముద్రం ఒడ్డున ఎండలో నింపిన నూనె తొమ్మిది వందల మీటర్ల ఎత్తున చలిలో ముడుచుకుంటుంది. పది డిగ్రీలు చల్లబడితే 12,000 లీటర్ల డీజిల్లో దాదాపు నూరు లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. పెట్రోలైతే ఇంకా ఎక్కువ. బరువు మాత్రం తగ్గదు.

లెక్క చూపించినా ఆ యజమాని ఒప్పుకోలేదు. లెక్క అర్థంకాక కాదు, ఒప్పుకుంటే లాభం లేక. వెలితి డబ్బు మా ఓనరు నా బత్తాలో పట్టాడు. మూడు ట్రిప్పులు వట్టి చేతులతో ఇంటికి వెళ్ళాను. తెల్లవారితే చలి వేస్తుందని నాకు జరిమానా వేశారు. ఆ కోపం ఇన్నేళ్ళకూ పూర్తిగా చల్లారలేదు, నూనెలాగా ముడుచుకుపోయిందంతే.

* * *

దారిలో జీవితం మిగతా లారీవాళ్ళకు పండగ, మాకు మడి. కర్రలోడు వాళ్ళు బండి పక్కనే స్టవ్వు వెలిగించి కోడి వండుకునేవాళ్ళు. మేము గిన్నెలూ బియ్యమూ మోసుకుంటూ ఎక్కడో చెట్టు కిందికి నడవాలి. వాన పడితే చుడువా, అదే అటుకులు, నానబెట్టుకుని తినడమే. ఢాబాల వాళ్ళు మమ్మల్ని చూడగానే "దూరంగా, దూరంగా" అని చేతులు ఊపేవాళ్ళు, అంటరానివాళ్ళకు మల్లే.

దసరా సంగతి మరీ చిత్రం. ఆయుధపూజకు సాలూరులో లారీలన్నీ బంతిపూలతో, అరటి పిలకలతో పెళ్ళికొడుకుల్లా నిలబడేవి. ప్రతి బండి ముందూ కర్పూరం. మా బండికి హారతి ఎలా ఇవ్వడం? మావయ్య దానికొక పద్ధతి పెట్టాడు. బండిని వీధి ఈ చివర నిలిపి, హారతి పళ్ళెం ఆ చివర వెలిగించేవాళ్ళం. ఆయన అక్కడ హారతి కళ్ళకద్దుకుని, ఆ అరచేతులు అలాగే ముందుకు చాపుకుని వీధి పొడవునా నడిచివచ్చి బండి ముక్కుకు అద్దేవాడు. మిగతా డ్రైవర్లు ఈలలు వేసేవాళ్ళు. గుమ్మడికాయ కొట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మాత్రం మామూలే.

ఖాళీ బండి అంటే ఆయనకు ఇంకా భయం. ఒకసారి సాలూరులో తొట్టి కింద బద్ద ఊడితే, వెల్డింగు కుర్రాడు "ఖాళీయే కదా" అని మంట పట్టుకుని వచ్చాడు. మావయ్య అతని చేయి పట్టుకుని బయటికి లాక్కెళ్ళి చెంప పగలగొట్టాడు. ఆయన చేయి చేసుకోవడం నేను చూసింది అదొక్కసారే. మండేది నూనె కాదు, దాని ఆవిరి. నూనె దించేశాక తొట్టి నిండా ఉండేది ఆవిరే. నీళ్ళు నింపి, నీటి ఆవిరి పట్టించి కడిగి, మూతలన్నీ తెరిచి ఆరబెట్టాకగానీ మంట దగ్గరికి రానివ్వలేదు. "నిండు బండి సంసారి, ఖాళీ బండి సన్యాసి. వాడికి దేనికీ భయం ఉండదు" అన్నాడు ఆ సాయంత్రం.

సుంకి ఘాటీ నేర్పడం గురించి చెప్పమంటారా? చెప్పడానికి ఏమీ లేదు, ఆయన నోటితో నేర్పలేదు. ఎక్కిన గేరులోనే దిగాలి అన్నాడు, అంతే. మిగిలినదంతా నా చెవి నేర్చుకుంది. ఇంజను గొంతు మారకముందే గేరు మారాలి. మారాక మారిస్తే ఆలస్యమే. ఇంకొకటి కూడా. దారిలో ఒక బంకులో కొంత దించి ఇంకో బంకుకు పోవాలంటే మొదట వెనక చాంబరు ఖాళీ చేసేవాడు. బరువంతా తోక మీదే మిగిలితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు.

* * *

తర్వాత ఇంగ్లీషు వచ్చింది.

మోటారు వాహనాల నిబంధనల్లో తొమ్మిదోది. ప్రమాదకరమైన సరుకు మోసే డ్రైవరుకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. మూడు రోజుల శిక్షణ పూర్తిచేసి పత్రం తేవాలి. అది లైసెన్సు మీద ఎక్కించాలి. 1993లో సవరించి ఏడాది గడువు ఇచ్చారు. నిబంధన తప్పని నేను అనను. తొట్టి మీద అంటించిన హెచ్చరిక చదవలేనివాడు తొట్టి ఎలా మోస్తాడని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ తెలుగు, ఒడియా, హిందీ, దేశియా నాలుగూ గడగడా మాట్లాడే మావయ్యకు తెలుగు కూడా కూడబలుక్కుని చదవడమే వచ్చు.

"ఏడాది ఉంది కదా, నేర్పు" అన్నాడు నాతో.

నేను పలక కొనలేదు. బండే పలక. తొట్టి మీద ఎర్రటి పెద్ద అక్షరాల్లో 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఉండేది. వరుసలో నిలబడినప్పుడల్లా దుమ్ము పట్టిన మడ్‌గార్డు మీద ఆయన వేలితో ఆ అక్షరాలు దించేవాడు. యాభై ఏళ్ళ చేయి, స్టీరింగు పట్టి పట్టి వంకరపోయిన వేళ్ళు. 'ఎఫ్' ఎప్పుడూ ఎడమ వైపుకే తిరిగేది. "అటు కాదు మావయ్యా" అంటే, "లెఫ్టు సిగ్నల్ వేశాను లేరా" అనేవాడు. ఏడాదికి ఆ రెండు మాటలూ కళ్ళు మూసుకుని రాసేవాడు. అంకెలు ఇంకా తొందరగా వచ్చాయి. ట్యాంకరు వెనక నారింజ పలక మీద సరుకు నంబరు ఉంటుంది కదా. 1203 పెట్రోలు, 1202 డీజిలు, 1223 కిరసనాయిలు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆయన చెడ్డవాడు కాదు. బల్ల మీదున్న ఏదో ఇంగ్లీషు కాగితం తీసి చదవమన్నాడు. మావయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తన బండి మీద ఉన్న అక్షరాలే అందులోనూ ఉన్నాయి. కానీ వరుస వేరు. ఆయన నేర్చుకున్నది అక్షరాలు కాదు, తన బండిని. ఆ తప్పు నాది. ఇంకేదైనా కాగితం మీద నేర్పి ఉండాల్సింది.

నాకు పత్రం వచ్చింది. ఆయన బయటికొచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "పద, ఇండెంటు ఉంది" అన్నాడు.

ఆ ట్రిప్పులో మావయ్య ఎడమ సీట్లో కూర్చున్నాడు. సాలూరు దాటేదాకా బయటికి చూస్తూనే ఉన్నాడు. ఘాటీ ఎక్కుతుండగా, మూడో మలుపులో నేను గేరు కొంచెం ఆలస్యం చేశాను. ఆయన చేయి లేచింది. గేరు కర్ర దాకా రాలేదు. గాల్లో కాసేపు ఉండి, వెళ్ళి తలుపు మీద ఆనింది. పొట్టంగి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. కుడివైపు దేవమాలి మీద మబ్బు కూర్చుని ఉంది. సెమిలిగుడలో నాన్న హోటలు ముందు ఆపితే, నాన్న కుడివైపు తలుపు దగ్గరికి టీ తెచ్చి, నన్ను చూసి, గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మర్నాటి నుంచి మావయ్య ఉప్పులారీ నడిపాడు. దారిలో ఎదురైతే లైటు ఒకసారి ఆర్పి వెలిగించేవాళ్ళం. అంతకంటే ఎక్కువ నేను చేయలేదు. వాళ్ళింటికి వెళ్ళింది తక్కువ.

* * *

వాళ్ళ ఇల్లు రోడ్డు మీదే. అరుగు మీద మావయ్య కూర్చునే నవారు కుర్చీ అలాగే ఉంది, రోడ్డు వైపు తిరిగి. అత్తయ్య నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది.

"చివరి రెండేళ్ళూ ఇక్కడే కూర్చునేవాడు బాబూ" అంది. "పొద్దస్తమానం ఒకటే వరస. పన్నెండు సున్నా మూడు పోయింది, పన్నెండు సున్నా రెండు పోయింది అని. ఎవరికి చెప్పేవాడో? మనవడు అడిగితే, మీ మామ నేర్పిన చదువురా ఇది అనేవాడు."

నేను రోడ్డు వైపు చూశాను. పెద్ద బండి ఒకటి వెళ్తోంది. పన్నెండు చక్రాలు, మెరిసే తొట్టి, గొలుసు లేదు, చప్పుడు లేదు. నా కళ్ళకు పలక మీద నంబరు ఆనలేదు.

లోపలినుంచి పిలుపు వచ్చింది. పటం ముందు ఒత్తులు వేసి నూనె పోసి అంతా సిద్ధం చేశారు. పంతులుగారు తన అగ్గిపెట్టె చూసుకుంటే ఖాళీ.

"ఎవరి దగ్గరైనా అగ్గిపెట్టె ఉందా?"

గదిలో ఉన్నది ఎక్కువగా మావాళ్ళే. మావయ్య దగ్గర క్లీనర్లుగా చేరి డ్రైవర్లైనవాళ్ళు, వాళ్ళ దగ్గర చేరినవాళ్ళు. తొమ్మిదిమందిమి. అలవాటుగా తొమ్మిదిమందిమీ జేబులు తడుముకున్నాం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మూలనున్న కుర్రాడొకడు, ఇప్పుడు జయపురం లైనులో తిరుగుతున్నవాడు, ముందుగా నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం, అత్తయ్య కూడా.

పక్కింటి ఆవిడ తడిచేతులతో వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చింది.